కందిరీగకూ ఓ ఇల్లుంది!

ఎండలు కాస్త ముదిరితే చాలు, మన డాబాల మీద పాతచీరలు పరిచి వడియాలూ, అప్పడాలూ, ఊరమిరపకాయలూ ఎండబెట్టే హడావుడి మొదలవుతుంది. అలాంటి ఓ రోజునే మా ఇంట్లో జరిగిందీ సంగతి. మా తోడికోడలు పొద్దున్నే గుమ్మడి వడియాలు పెట్టి, సాయంత్రం కొంగు బిగించి వాటిని చూసొద్దామని పైకి వెళ్ళింది. నీళ్ళ ట్యాంకు కింద చిన్న గొడుగు వేలాడదీసినట్టు ఓ బూడిదరంగు గూడు ఉందన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు. వంగి లేచేసరికి తన భుజం దానికి తగిలింది. రెండు కందిరీగలు చేతిమీదా, ఒకటి మెడమీదా కుట్టాయి.

"అక్కా, మంట!" అంటూ కిందికి పరుగెత్తుకొచ్చింది. నేను సున్నం కోసం వెతికాను. అత్తగారు ఇనప అట్లకాడ తెచ్చి రుద్దారు. పక్కింటి పిన్నిగారు ఉల్లిపాయ కోసి తెచ్చారు. ఇలా ముగ్గురం మూడు వైద్యాలు చేస్తూ ఉండగానే, తన ఒంటినిండా దద్దుర్లు లేచాయి. పెదవులు ఉబ్బాయి. "గొంతు పట్టేసినట్టుందక్కా" అంది. గొంతు కూడా మారిపోయింది. వాంతి చేసుకుని గోడకు జారగిలబడిపోయింది.

అదృష్టం బాగుండి మా మరిది ఇంట్లోనే ఉన్నాడు. ఆటోలో వెనకసీటు మీద పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు చూడగానే తొడకి ఒక ఇంజక్షన్ ఇచ్చారు. కాసేపటికి తను కళ్ళు తెరిచింది. అప్పుడు డాక్టరుగారు అడిగిన ప్రశ్న నేనింకా మరిచిపోలేదు. "ఈ అమ్మాయికి ఇంతకుముందు కందిరీగ కుట్టినప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయా?"

వచ్చాయి. రెండేళ్ళ కిందట పుట్టింట్లో ఉండగా వచ్చాయట. "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగించి ఊరుకున్నారట. అది హెచ్చరిక అని ఎవరికీ తెలియలేదు.

ఆ రోజునుంచీ ఈ కుట్టే పురుగుల గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. భయంతో మొదలుపెట్టిన చదువు, పోను పోను ఆశ్చర్యంగా మారింది. ఆ సంగతులే మీతో పంచుకుంటున్నాను.

కుట్టేవన్నీ ఆడవే!

చీమ, తేనెటీగ, కందిరీగ... ఈ మూడూ వేరువేరుగా కనిపించినా ఒకే కుటుంబం. పూర్వకాలపు కందిరీగల్లాంటి పురుగుల నుంచే చీమలు పుట్టాయని శాస్త్రజ్ఞులు చెప్తారు. అంటే కందిరీగ చీమకు మేనత్త వరస అన్నమాట!

వీటి ముల్లు మొదట్లో ఆయుధమే కాదు. అది గుడ్లు పెట్టడానికి ఉన్న సన్నని గొట్టం. తరతరాలుగా మారుతూ మారుతూ అదే విషపు సూదిగా తయారైంది. గుడ్లు పెట్టే అవయవం కాబట్టి అది ఆడవాటికే ఉంటుంది. మగ తేనెటీగకు గానీ, మగ కందిరీగకు గానీ, మగ చీమకు గానీ కుట్టే ముల్లు ఉండదు. ఇల్లు కట్టడం, పిల్లల్ని పెంచడం, తిండి తేవడం, శత్రువు వస్తే ఎదురు నిలవడం అన్నీ ఆడవాటి పనే. ఈ మాట చెప్తే మా అత్తగారు "ఇందులో కొత్తేముందే?" అని నవ్వారు.

ఇవి ఊరికే కుట్టవు. పువ్వు మీద వాలిన తేనెటీగను మనం కదిలించకపోతే దాని పని అది చూసుకుని పోతుంది. కానీ గూటి దగ్గర సంగతి వేరు. అక్కడ గుడ్లున్నాయి, పిల్లలున్నాయి, రాణి ఉంది, కూడబెట్టుకున్న తిండి ఉంది. మన ఇంట్లోకి ఎవడైనా జొరబడితే మనం ఊరుకుంటామా?

ముల్లుతోపాటు ప్రాణం

తేనెటీగ ముల్లుకు రంపంలా వెనక్కి తిరిగిన పళ్ళుంటాయి. మన చర్మంలో దిగిందంటే తిరిగి రాదు. ఈగ ఎగిరిపోవాలని లాగేసరికి ముల్లూ, విషపు తిత్తీ, పొట్టలోని కొంత భాగంతో సహా ఊడిపోతాయి. కాసేపటికి ఆ ఈగ చచ్చిపోతుంది. ఒక్కసారి కుట్టడానికి అది తన ప్రాణమే ఇచ్చేస్తుంది.

చిత్రం ఏమిటంటే, ఈగ పోయినా ఆ తిత్తి ఊరుకోదు. చర్మంలో ఉండిపోయి తనంతట తానే విషం ఎక్కిస్తూ ఉంటుంది. మొదటి అరనిమిషంలోనే చాలా భాగం ఎక్కేస్తుంది. అందుకే ముల్లు తియ్యడంలో ఆలస్యం పనికిరాదు. వేళ్ళతో లాగితే విషం ఇంకా ఎక్కుతుందనీ, కత్తి అంచుతో గీకాలనీ మనకు చెప్తూ ఉంటారు. 1996లో అమెరికాలో కొందరు పరిశోధకులు తమ చేతిమీదే కుట్టించుకుని ఈ సంగతి తేల్చారు. ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యమట. కత్తి కోసం వంటింట్లోకి పరుగెత్తేలోగా గోటితో గీకి పారేయడం మేలు.

కందిరీగ ముల్లు నున్నగా ఉంటుంది. అది ఎన్నిసార్లయినా కుట్టగలదు. ముల్లు ఒంట్లో వదిలిపెట్టదు.

అరటిపండు వాసన వస్తే...

ఒక తేనెటీగ కుట్టగానే మిగతావి ఎలా వచ్చేస్తాయి? కుట్టిన చోట ముల్లు దగ్గర్నుంచి ఒక వాసన వస్తుంది. "శత్రువు ఇక్కడున్నాడు, రండి" అని పిలిచే వాసన అది. అందులోని ముఖ్యమైన పదార్థమే అరటిపండుకు కూడా ఆ కమ్మని వాసన ఇస్తుంది. కుట్టినచోట చేతులు విసురుతూ అక్కడే నిలబడితే, ఆ వాసన పట్టుకుని ఇంకొన్ని వస్తాయి. అందుకే మారుమాట్లాడకుండా అక్కణ్ణించి దూరంగా వెళ్ళిపోవాలి.

తేనె తీసేవాళ్ళు పొగ ఎందుకు పెడతారో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. పొగ ఆ పిలుపు వాసనను కప్పేస్తుంది. పైగా పొగ తగలగానే ఈగలు తేనె కడుపునిండా తాగే పనిలో పడతాయి. అయితే ఇది తెలిసినవాళ్ళు చెయ్యాల్సిన పని. పెద్ద చెట్లకూ, నీళ్ళ ట్యాంకులకూ, ఎత్తైన మేడలకూ వేలాడే కొండ తేనెటీగల పట్టు కింద మనం వనభోజనాలకని పొయ్యి వెలిగిస్తే, అవి రెచ్చిపోయి గుంపుగా మీద పడతాయి. తోటలో పొయ్యి పెట్టేముందు ఒక్కసారి తలెత్తి కొమ్మలు చూడండి.

ఈ కొండ తేనెటీగలకు ఇంకో విద్య ఉంది. కందిరీగ దగ్గరికొస్తే పట్టుమీద ఉన్న వందలకొద్దీ ఈగలు వరసగా పొట్టలు పైకెత్తి దించుతాయి. చూసేవాళ్ళకి పట్టుమీద అలలు పరుగెత్తినట్టుంటుంది. ఆ అల చూసి కందిరీగ బెదిరి తప్పుకుంటుంది. జపాన్‌లోని తేనెటీగల పద్ధతి మరీ వింత. గూట్లోకి రాక్షస కందిరీగ జొరబడితే వందలాది ఈగలు దాన్ని బంతిలా చుట్టేసి, ఒళ్ళు అదిలిస్తూ వేడి పుట్టిస్తాయి. లోపల వేడి దాదాపు 46 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి ఈగలు తట్టుకుంటాయి, కందిరీగ తట్టుకోలేక చస్తుంది. ఒక్క ముల్లు వాడకుండా శత్రువును ఉడకబెట్టేస్తాయన్నమాట!

చీమల అమ్ములపొది

చీమలన్నీ కుట్టవు. కొన్ని కరుస్తాయి, కొన్ని కుడతాయి, కొన్ని ఆమ్లం చిమ్ముతాయి.

మామిడిచెట్టు మీద ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమల్ని చూసే ఉంటారు. వాటికి ముల్లు లేదు. దవడలతో కరిచి, ఆ గాయం మీద పొట్ట చివర్నుంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. పుండు మీద కారం చల్లినట్టు ఆ మంట అందుకే! పెద్ద నల్ల గండుచీమలదీ ఇదే పద్ధతి. ఇంగ్లండుకు చెందిన జాన్ రే అనే ఆయన 17వ శతాబ్దంలో చీమల్ని బట్టీపట్టి ఈ ఆమ్లాన్ని బయటికి తీశాడు. లాటిన్‌లో చీమను ఫార్మికా అంటారు. ఆమ్లానికి ఆ పేరు అలా వచ్చింది.

ఈ మామిడి చీమలు తమ పిల్లపురుగుల్ని నోట పట్టుకుని, అవి వదిలే పట్టుదారంతో ఆకుల్ని కుడతాయి. ఇంటి కాపలాలో ఎంత గట్టివంటే, చైనాలో దాదాపు 1700 ఏళ్ళ కిందటే నారింజ తోటల్లో పురుగుల్ని పట్టడానికి వీటి గూళ్ళు తెచ్చి చెట్లకు కట్టేవారు. ఒడిశా, బస్తర్ ప్రాంతాల్లో గిరిజన కుటుంబాలు వీటితో పుల్లని పచ్చడి నూరుకుంటారు. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చింతపండు అవసరం లేని పచ్చడన్నమాట!

ఇక నేలమీద పుట్టలుపెట్టే సన్న ఎర్రచీమల్లో నిప్పుచీమ అనదగ్గ జాతి ఒకటుంది. అది దవడలతో చర్మాన్ని పట్టుకుని, దాన్నే ఆధారం చేసుకుని గుండ్రంగా తిరుగుతూ నాలుగైదు చోట్ల కుడుతుంది. మర్నాటికి చీముపొక్కులు లేస్తాయి. వాటిని గిల్లకూడదు. చెట్ల మొదళ్ళమీద సన్నగా పొడుగ్గా, తలా పొట్టా నల్లగా, నడిమిభాగం ఎర్రగా ఉండే మరో చీమ తిరుగుతూ ఉంటుంది. దాని కాటు కందిరీగ కాటుకు తీసిపోదు. అలర్జీ ఉన్నవాళ్ళకు ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు శ్రీలంక, థాయ్‌లాండ్ దేశాల్లో నమోదయ్యాయి. పిల్లల్ని చెట్టెక్కించేముందు మొదలు చూడండి.

ముల్లూ ఆమ్లమూ లేని చీమలు వాసనతో నెగ్గుకొస్తాయి. ఇళ్ళలో తిరిగే ఒక సన్నరకం చీమను నలిపితే పాడైన కొబ్బరి వాసన వస్తుంది. అన్నిటికన్నా విచిత్రం బోర్నియో అడవుల్లో ఉంది. 2018లో ప్రపంచానికి పరిచయమైన ఒక చీమ, శత్రువు మీదికి వస్తే తన పొట్టను తనే పగలగొట్టుకుంటుంది. లోపల్నుంచి పసుప్పచ్చని జిగురు వచ్చి శత్రువును అతికించేస్తుంది. ఆ చీమ చస్తుంది, ఇల్లు నిలుస్తుంది.

కాగితపు ఇల్లు, మట్టి ఇల్లు

మా ట్యాంకు కింద ఉన్నది కాగితపు గూడు. కందిరీగలు ఎండుచెక్కను గీకి, నోట నమిలి, కాగితంలా చేసి గదులు కడతాయి. మన దేశంలో కిటికీ రెక్కలమీద, సన్‌షేడ్ల కింద గూళ్ళు పెట్టే ఇలాంటి ఒక జాతిమీద బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్కర్‌గారు దశాబ్దాలపాటు పరిశోధన చేశారు. ఆ గూటి రాణి ఎవరిమీదా పెత్తనం చెలాయించదట. ఎంతో నెమ్మదస్తురాలు. తన ఒంటి వాసనతోనే అందర్నీ ఒక్కతాటిమీద నడిపిస్తుందట. అత్తగార్లు గమనించాలి!

మట్టితో గూడు కట్టే కందిరీగ వేరు. అది ఒంటరి జీవి. "భ్రమర కీటక న్యాయం" అని పెద్దలు చెప్పగా వినే ఉంటారు. కందిరీగ ఓ పురుగును తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝుంకారం చేస్తూ తిరిగితే, ఆ పురుగు కూడా కందిరీగ అయిపోతుందంటారు. అసలు జరిగేది వేరు. పురుగును కుట్టి, చంపకుండా కదలకుండా చేసి, గూట్లో పెట్టి గుడ్డు పెడుతుంది. పుట్టిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి బయటికి వస్తుంది. అంటే ఆ విషం పిల్లకు తిండి నిలవచేసే సాధనం. మన ఊరగాయ జాడీ లాంటిదే! కాపాడుకోవాల్సిన గుంపు లేదు కాబట్టి ఈ మట్టిగూటి కందిరీగ మనల్ని కుట్టడం అరుదు.

నొప్పికి కొలబద్ద

అమెరికాలో జస్టిన్ ష్మిట్ అనే శాస్త్రజ్ఞుడు ఎన్నెన్నో రకాల పురుగులతో కుట్టించుకుని, నొప్పికి 1 నుంచి 4 దాకా మార్కులు వేశాడు. తేనెటీగకు 2 ఇచ్చాడు. నిప్పుచీమకు 1 ఇచ్చాడు. దక్షిణ అమెరికాలోని తుపాకిగుండు చీమకు 4 మార్కులు దాటించాడు. ఆయన 2023లో కన్నుమూశారు. మైకేల్ స్మిత్ అనే ఇంకో ఆయన ఒంటిమీద 25 చోట్ల తేనెటీగలతో కుట్టించుకుని, అన్నిటికన్నా ముక్కుపుటంలో కుడితేనే నొప్పి ఎక్కువని తేల్చాడు. మనకైతే ఒక్కసారి చాలు!

కానీ ఒక్క మాట. నొప్పి వేరు, ప్రమాదం వేరు. మా తోడికోడలికి నొప్పి అందరికీ ఉన్నంతే ఉంది. ఆమెను పడగొట్టింది అలర్జీ.

సున్నం రాయొచ్చా?

తేనెటీగ విషం ఆమ్లం కాబట్టి సోడా, సున్నం రాయాలనీ, కందిరీగ విషం క్షారం కాబట్టి చింతపండు, నిమ్మరసం రాయాలనీ అంటూ ఉంటారు. వినడానికి బాగుంటుంది. కానీ విషం చర్మం లోపలికి దిగిపోయింది. పైన రాసింది దాన్ని చేరదు. పైగా అసలు నొప్పి పుట్టించేవి ఆ విషంలోని మాంసకృత్తుల్లాంటి పదార్థాలు. సున్నం ఘాటుకు చర్మం పొక్కే ప్రమాదం కూడా ఉంది. మన్ను రాస్తే ధనుర్వాతం భయం. కిరసనాయిలు అసలే వద్దు. వీటన్నిటికన్నా పెద్ద నష్టం, వెతుకుతూ కూర్చుంటే కాలం పోవడం. ఆ తప్పు నేనే చేశాను.

చెయ్యాల్సినవి ఇవి:

* ముల్లు ఉంటే వెంటనే గోటితో గీకి తీసెయ్యండి.
* చేతికి కుడితే గాజులూ, ఉంగరాలూ వాపు రాకముందే తీసెయ్యండి. తర్వాత కోయించాల్సి వస్తుంది.
* సబ్బునీళ్ళతో కడిగి, ఐసుముక్క గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టండి.
* దురద బాగా ఉంటే డాక్టరునడిగి మాత్ర వాడండి. గోకకండి.
* మునగచెట్టు గొంగళిపురుగు నూగు అంటుకుంటే రుద్దకుండా, అతుక్కునే టేపు వేసి లాగండి. తర్వాత సబ్బుతో కడగండి.

కుట్టినచోట వాచి, రెండు మూడు రోజులు నొప్పి ఉండటం మామూలే. ఈ కింది లక్షణాల్లో ఏది కనిపించినా మాత్రం ఇంటి వైద్యం మాని, 108కి ఫోన్ చేసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి:

* కుట్టిన చోట కాకుండా ఒళ్ళంతా దద్దుర్లు
* పెదవులు, నాలుక, కళ్ళు ఉబ్బడం, గొంతు మారడం
* ఆయాసం, పిల్లికూతలు
* వాంతులు, కడుపునొప్పి, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం

ఇవి సాధారణంగా నిమిషాల్లోనే మొదలవుతాయి. దీనికి అసలు మందు అడ్రినలిన్ ఇంజక్షన్. అలర్జీ మాత్ర దానికి బదులు కాదు. వాహనం వచ్చేదాకా మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. ఆయాసపడుతుంటే కూర్చోనివ్వండి. గర్భిణీ అయితే ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి. లేపి నడిపించవద్దు.

నోట్లో, గొంతులో కుట్టినా, చాలా ఈగలు ఒక్కసారి కుట్టినా, పైకి బాగానే ఉన్నా డాక్టరుకు చూపించాలి. ఎక్కువ విషం ఎక్కితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మూత్రం తగ్గినా, ముదురురంగులో వచ్చినా ఆలస్యం చెయ్యకండి.

ఇంట్లో జాగ్రత్తలు

చీమల బారు కనిపిస్తే బారునంతా సబ్బునీళ్ళ గుడ్డతో తుడవండి. అవి వాసన గీత గీసుకుంటూ నడుస్తాయి. గీత చెరిగితే దారి తప్పుతాయి. తీపి డబ్బాల్ని నీళ్ళ పళ్ళెంలో పెట్టే మన పాతపద్ధతికి సాటి లేదు. చీమల చాక్‌పీసు విషమని మరిచిపోకండి. పిల్లలకు అందకుండా, వంటసామాన్లకు దూరంగా ఉంచండి. కూల్‌డ్రింకు డబ్బాలోంచి నేరుగా తాగనివ్వకండి, గ్లాసులో పోసి చూసి ఇవ్వండి. తీపికి ఈగ లోపల దూరి ఉండొచ్చు.

డాబామీద, సన్‌షేడ్ల కింద, వాడని కూలర్ల వెనక నెలకోసారి చూడండి. గూడు చిన్నగా ఉన్నప్పుడే తెలిసినవాళ్ళతో తీయించవచ్చు. పెద్దదైతే కాగడా పట్టుకుని మగవాళ్ళను ఉసిగొల్పకండి. కందిరీగల తుట్టెను కదిపినట్టు అన్న సామెత ఊరికే పుట్టలేదు. తేనెపట్టయితే పట్టు తీయడం తెలిసినవాళ్ళను పిలవండి. ఈగలు వెంటపడితే మొహం కప్పుకుని, తిన్నగా పరుగెత్తి గదిలోకి వెళ్ళి తలుపేసుకోండి. నీళ్ళలో దూకితే, పైకి తేలేదాకా కాచుకుని ఉంటాయి.

ఇవాళ్టికీ మా ముంగిట్లో బియ్యప్పిండి ముగ్గే వేస్తాం. చీమలకింత తిండి అని అత్తగారి మాట. ట్యాంకు కింద గూడు మాత్రం తీయించేశాం. వాటికీ ఇల్లుంటుంది, నిజమే. కానీ రెండిళ్ళూ ఒకేచోట కుదరవు కదా!

మా తోడికోడలు కులాసాగా ఉంది. అలర్జీ డాక్టరు చెప్పిన ప్రకారం ఓ చీటీమీద "కందిరీగ విషం పడదు" అని రాసి పర్సులో పెట్టుకుంది. ఆ మాట ఇంట్లో పిల్లలతో సహా అందరికీ తెలుసు. మొన్న మళ్ళీ వడియాలు పెడుతూ, "అక్కా, ముందు నువ్వు పైకెళ్ళి చూసిరా" అంది. వెళ్ళి చూసొచ్చాను. మీ ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా ఏది కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయేమో, ఈ పూటే అడిగి తెలుసుకోండి.